గ్రహానికి ఆల్ట్రేషన్

దర్జీలు మనుషులకు "రేపు రండి" అని చెబుతారని లోకంలో ఒక అపవాదు ఉంది. మా మామయ్య దర్జీయే గానీ, మనుషులకు ఆయన ఏనాడూ రేపు అనలేదు. ఇవాళ ఇస్తానన్న ప్యాంటు ఇవాళే ఇస్తాడు, అదీ ఇస్త్రీ వేడి ఆరకముందే. ఆయన రేపు అనేది యంత్రాలకు. ఫోను గానీ, టీవీ గానీ, బట్టలుతికే మిషన్ గానీ "కొత్త అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడు వేసుకుంటారా, రేపు గుర్తు చేయమంటారా?" అని అడగడమే ఆలస్యం, మామయ్య వేలు వెళ్ళి రేపు మీద పడేది. అలా చుట్టాల్లో ఆయనకు రేపు మామయ్య అన్న పేరు స్థిరపడిపోయింది. పెళ్ళిపిలుపులకు వచ్చినవాళ్ళు కూడా "రేపు గారున్నారా?" అని అడిగేవారు. ఆయనే లేచి వచ్చి "ఉన్నాడు, కూర్చోండి" అనేవాడు.

ఆయన యంత్రాలకు రేపు చెప్పే పద్ధతి కూడా మర్యాదగానే ఉండేది. పొద్దున్నే టీవీ పెట్టగానే అది తన కోరిక వినిపించేది. మామయ్య చిన్నపిల్లను బుజ్జగించినట్టు "రేపమ్మా, రేపు" అనేవాడు. బట్టలుతికే మిషన్ దగ్గర మాత్రం కాస్త వాదనకు దిగేవాడు. "మురికి మారిందా? మారలేదు. నీళ్ళు మారాయా? మారలేదు. మరి నువ్వెందుకు మారడం?" అని దాన్ని నిలదీసేవాడు. మిషన్ జవాబు చెప్పలేక గిర్రున తిరిగేది.

ఆయన ఫోనుదీ అదే కథ. ఒకసారి దాన్ని బాగుచేయించడానికి తీసుకెళితే కొట్టు కుర్రాడు రెండు చేతులతో అందుకుని, లోపలున్న వాళ్ళందరినీ పిలిచి చూపించాడట. అమ్ముతారా అని అడిగాడట. "వాడుతున్న చొక్కా ఎవరైనా అమ్ముతారా?" అని మామయ్య దాన్ని జేబులో వేసుకుని వచ్చేశాడు.

తమాషా ఏమిటంటే, ఆయన బతుకంతా మార్చడం మీదే నడిచింది. ఇంటి కిందే దుకాణం. బయట బోర్డు మీద "అన్ని రకాల ఆల్ట్రేషన్లు చేయబడును" అని ఉంటుంది. పొడుగైనవి పొట్టి చేస్తాడు, బిగుతైనవి వదులు చేస్తాడు, అన్న కోటు విప్పి తమ్ముడికి సరిపెడతాడు. పక్కనే మందుల షాపు. ఆ షాపాయనకు మామయ్యను ఆటపట్టించడం ఒక వ్యాపకం. ఊళ్ళో బట్టలన్నీ మార్చే మనిషి ఇంట్లో ఒక్క బటన్ మారనివ్వడేమిటండీ అని వచ్చేపోయేవాళ్ళకు వినబడేలా అడిగేవాడు. మామయ్య నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంటాడు కాబట్టి జవాబు చెప్పే పని ఉండేది కాదు. చెప్పడం ఇష్టం లేని ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయన నోట్లో గుండుసూదులు ఉండేవని నేను చాలా ఆలస్యంగా గమనించాను.

సాహిత్యంలో ఎం.ఏ. చదవడానికి నేను వాళ్ళింట్లో చేరాను. అప్పటికి నేను ఎవరైనా పేరు అడిగితే చేతిలో పుస్తకం అట్ట చూపించే రకం. మా వాళ్ళందరూ నన్ను మార్చాలని చూసినవాళ్ళే. నలుగురిలో కలవమ్మా, నోరు విప్పమ్మా అని ఒకటే పాట. మామయ్య మాత్రం మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, నాకేం చెప్పకుండా ఇల్లే కొంచెం సర్దాడు. హాల్లో ఒక మూల బీరువాను అడ్డంగా జరిపి, దాని వెనక బల్ల వేసి, కిటికీ వెలుతురు దాని మీద పడేలా చేశాడు. వచ్చినవాళ్ళకు నేను కనబడను, నాకు అన్నీ వినబడతాయి. "చాలా? ఇంకొంచెం వదులు కావాలా?" అని అడిగాడు. నా కొలతకు ఇల్లు కుట్టిన మనిషిని అంతకుముందు చూడలేదు.

ఇక మా అత్తయ్య. ఆవిడ డ్రైవింగ్ స్కూల్ నడిపిన మనిషి. ఊళ్ళో సగం మంది స్టీరింగ్ పట్టుకున్నది ఆవిడ పక్కన కూర్చునే. ఇప్పటికీ వీధిలో ఆవిడ నడుస్తుంటే కార్లు వాటంతటవే నెమ్మదిస్తాయి, లోపలున్నవాళ్ళు గబగబా సీటు బెల్టు పెట్టుకుంటారు. అందరికీ ఆవిడ టీచరమ్మే, మామయ్యకు కూడా. నేను రావడానికి కొంతకాలం ముందు మోకాళ్ళ నొప్పులని చెప్పి స్కూల్ మూసేసి, రెండు బ్రేకుల కారు అమ్మేసింది. ఆవిడకు ఊసుపోదని మా పెద్దమ్మ కొడుకు, కంప్యూటర్ ఉద్యోగం చేసే అన్నయ్య, ఒక గేమ్ పెట్టె తెచ్చి టీవీకి తగిలించి వెళ్ళాడు. అందులో ఒక అంతరిక్షం ఉంది.

ఆ అంతరిక్షం సంగతి అన్నయ్య గంటసేపు చెబితే నాకు అర్థం కాలేదు, మామయ్య ఒక్క ముక్కలో చెప్పాడు. అందులోని లక్షల గ్రహాలను ఎవరూ కూర్చుని గీయలేదు. గేమ్ దగ్గర ఒక నమూనా కాగితం ఉంటుంది, మనం వెళ్ళిన చోటల్లా దాన్ని బట్టి అప్పటికప్పుడు ఒక గ్రహాన్ని కత్తిరించి పరుస్తుంది. కాగితం అదే ఉన్నంతకాలం ఎన్నిసార్లు వెళ్ళినా అదే కొండ, అదే చెరువు. మనం కట్టుకున్న ఇల్లూ, వంతెనా మాత్రం అది విడిగా గుర్తుపెట్టుకుంటుంది. కంపెనీవాళ్ళు అప్‌డేట్ పేరుతో నమూనా కాగితం మార్చారంటే, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, కింద నేల వేరే అయిపోతుంది. "కాలరు మిగిల్చి చొక్కా మార్చినట్టు" అన్నాడు మామయ్య. ఆ మాట చెప్పిన రోజే గేమ్ పెట్టెకున్న నెట్టు వైరు పీకి, చుట్టచుట్టి, కత్తెరల సొరుగులో పెట్టేశాడు.

రోజూ సాయంత్రం టీ తాగాక అత్తయ్య టీవీ ముందు కుర్చీ వేసుకుని ఆ గ్రహం మీద బండి నడిపేది. లక్షల గ్రహాలున్నా ఆవిడకు ఒకటే గ్రహం, ఒకటే దారి. ఇంటి నుంచి బయల్దేరి, చెరువు చుట్టి, వంతెన దాటి, మళ్ళీ ఇంటికి. మామయ్య పక్కన కూర్చుని కాజాలు కుట్టుకునేవాడు. అత్తయ్యకు నోరు మూసుకుని నడపడం చేతకాదు, పక్క సీట్లో ఎవరో నేర్చుకుంటున్నట్టే చెబుతూ నడిపేది.

"తలుపు వెనకపడింది. నేరుగా. కాస్త ఎత్తు, సెకండ్ గేర్. ఎర్రగుట్ట కుడిచేతికొచ్చింది. ఇండికేటర్ వెయ్. ఎడమకి. నెమ్మది, చెరువు గట్టు. ఎవరూ లేరని తొందరపడకు, ఎవరూ లేనప్పుడే గుద్దుకుంటారు. వంతెన. హారన్ కొట్టు, అడ్డమొస్తాయి. ఆఁ, ఇల్లు."

ఆ బండికి ఇండికేటరూ లేదు, గేర్లూ లేవు. హారన్ ఒక్కటే ఉంది. ఆరు కాళ్ళ పశువులు కొన్ని వంతెన మీద మేస్తుండేవి. అవి నీళ్ళు మరుగుతున్న గిన్నె మూతలా బుడబుడమని చప్పుడు చేసేవి. అత్తయ్య హారన్ కొడితే పక్కకు తప్పుకునేవి. "చూశావా, ఊళ్ళో ఆటోవాళ్ళ కంటే నయం" అనేది ఆవిడ. బీరువా వెనక కూర్చుని ఛందస్సు చదువుకునే నాకు ఆ పాఠం రోజూ చెవిన పడి పడి, గురులఘువులతో సహా నోటికొచ్చేసింది.

ఒకసారి అన్నయ్య నాలుగు రోజుల సెలవు మీద వచ్చాడు. మంచివాడు, సాయం చేయకుండా ఉండలేడు. ఇంట్లో ఏ యంత్రం మీద చూసినా అప్‌డేట్ కోసం వెలుగుతున్న ఎర్రచుక్కలు. వాటిని చూసి అతనికి నిద్ర పట్టలేదు. మామయ్య బట్టల మార్కెట్‌కు, నేను కాలేజీకి వెళ్ళిన పూట, సొరుగులో వైరు వెతికి పట్టుకుని తగిలించి, గేమ్‌కు ఉన్న అప్‌డేట్లన్నీ ఒక్క ఊపులో వేసేశాడు. మిగతా యంత్రాలను మర్నాటికి దాచుకున్నాడు. మామయ్య తిరిగొచ్చేసరికి అతను మొహం కడుక్కుని, బహుమతి కోసం చూసే పిల్లాడిలా నవ్వుతూ కూర్చున్నాడు.

"మామయ్యా, మీ గ్రహం ఎలా ఉందో చూడు. గడ్డి ఎంత బాగా గీశారో. మేఘాలు కూడా కదులుతాయి."

మామయ్య చూశాడు. ఇల్లు గాలిలో వేలాడుతోంది. గడప కింద లోయ. చెరువు ఉండాల్సిన చోట ఒక కొండ, వంతెన ఆ కొండ కడుపులోంచి తోక బయటపెట్టిన పాములా ఉంది. ఊదారంగు ఆకాశం ఆకుపచ్చగా మారింది. మేఘాలు మాత్రం నిజంగానే కదులుతున్నాయి.

నేను ఆ ఇంట్లో ఉన్న కాలంలో మామయ్య ఎవరి మీదా గొంతెత్తలేదు. అప్పుడూ ఎత్తలేదు. అన్నయ్య వంక తిరిగి, "పాతది మళ్ళీ తెప్పించగలవా?" అని మాత్రం అడిగాడు. కుదరదని అన్నయ్య చెప్పాడు. మామయ్య వైరు పీకి, మళ్ళీ చుట్టచుట్టి సొరుగులో పెట్టాడు. తనేదో తప్పు చేశానని అన్నయ్యకు తెలిసింది గానీ, ఏం తప్పో తెలియక, మిగతా ఎర్రచుక్కల జోలికి పోకుండా, సెలవు పూర్తికాకుండానే రైలెక్కేశాడు.

ఆ సాయంత్రం నుంచి మామయ్య అత్తయ్యను టీవీ దగ్గరకు రానివ్వలేదు. మొదటిరోజు గేమ్ రిమోటులో ఛార్జింగ్ లేదన్నాడు. రెండోరోజు ఛార్జింగ్ ఎక్కువైందన్నాడు. మూడోరోజు టీవీ అలసిపోయిందనీ, దానికి విశ్రాంతి కావాలనీ అన్నాడు. ఎవరు చెప్పారని అత్తయ్య అడిగితే, మందుల షాపాయన చెప్పాడన్నాడు. అత్తయ్య మామూలుగా ఇలాంటి జవాబులను చీల్చి చెండాడే మనిషి. సరే పాపం పడుకోనివ్వండి అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున వీధిలో ఒక అద్భుతం జరిగింది. మామయ్య దుకాణం తలుపు మూసి ఉంది. తలుపు మీద అట్టముక్క, అట్టముక్క మీద సుద్దతో "రేపు రండి". మందుల షాపాయన దాన్ని చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, లోపలికి పోయి మంచినీళ్ళు తాగాడని తర్వాత తెలిసింది. ఇంటి మేడ మీద హాల్లో మామయ్య టీవీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అత్తయ్య పక్కింటావిడతో పొద్దుటి నడకకు వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేలోగా ఆయన ఆ గ్రహాన్ని తవ్వుతున్నాడు.

ఆ గేమ్‌లో నేల తవ్వే యంత్రం ఒకటుంది. ఒక బటన్ నొక్కితే తవ్వుతుంది, ఇంకోటి నొక్కితే మట్టి పోస్తుంది. పిల్లలు దాంతో గుహలు తవ్వుకుంటారు. మామయ్య దాంతో లోయ పూడుస్తున్నాడు. వేలంత చిన్న మనిషి ఒకడు టీవీలో కొండంత లోయ అంచున నిలబడి పిడికెడు పిడికెడు మట్టి పోస్తున్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇంత పట్టుదల దేనికని అడిగాను. అత్తయ్యకు చెప్పేస్తే సరిపోతుంది కదా, ఊరందరికీ దారులు నేర్పిన మనిషి, కొత్త దారి రెండు రోజుల్లో నేర్చేసుకుంటుంది అన్నాను.

మామయ్య రిమోటు దింపలేదు. "కనపడితే నేర్చుకునేది" అన్నాడు.

నేను నవ్వడం ఆపేశాను. ఆయన మట్టి పోస్తూనే, కుట్టు ఊడిపోకుండా నెమ్మదిగా లాగినట్టు ఒక్కో మాటా చెప్పాడు. అత్తయ్యకు చూపు మధ్యలో మసకబారుతోంది. అంచులు కనపడతాయి, రంగులు తెలుస్తాయి, ఎదురుగా ఉన్న అక్షరం, మొహం మాత్రం తెలియవు. కళ్ళద్దాలకు లొంగే జబ్బు కాదు. ఆవిడ ఒక్కతే వెళ్ళి కళ్ళ డాక్టరుకు చూపించుకుని, చీటీ చించేసి, మోకాళ్ళ నొప్పులని చెప్పి కారు అమ్మేసింది. చించిన చీటీ ముక్కలు ఇంట్లో గుడ్డపీలికలు ఏరే మనిషి కంట్లో పడకుండా ఉంటాయా.

"డ్రైవింగ్ టీచరుకి కళ్ళు పోతున్నాయని ఊళ్ళో అనుకోవడం ఆవిడకి ఇష్టం లేదు. దాచుకుంది. దాచుకోనీ. నాకు తెలుసని ఆవిడకి తెలీదు. నువ్వూ తెలియనివ్వకు."

అప్పుడు నాకు ఆ ఇల్లంతా మరో రకంగా కనిపించింది. ఇద్దరూ వాడే ఆ ఫోనులో పైవరసలో మొదటి బొమ్మ అత్తయ్య చెల్లెలు, రెండోది మా అమ్మ. మిషన్‌లో ఎడమనుంచి మూడో బటన్ చీరలకు. టీవీలో కిందికి రెండుసార్లు నొక్కితే వార్తలు. అత్తయ్య ఇవన్నీ వేళ్ళతో చేసేస్తుంది, కళ్ళతో పని లేకుండా. ఒక్క అప్‌డేట్ వచ్చి బొమ్మలు ఇటువి అటు జరిగితే, ఆవిడ ఎవరినో ఒకరిని అడగాలి. ఆవిడకు చెప్పడం వచ్చు, అడగడం రాదు. అడిగే అవసరం రాకుండా ఈయన ఊరంతటి చేతా పిచ్చివాడనిపించుకుంటూ, పొద్దున్నే లేచి ఒక్కో యంత్రానికీ రేపు చెప్పుకుంటూ వస్తున్నాడు.

"మిగతావి ఎలాగోలా పోనీలే" అన్నాడు. "ఆవిడ నడపడానికి మిగిలిన దారి ఇదొక్కటేనమ్మా."

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. లోయ పూడ్చగానే సరిపోదు, పాత దారి ఎక్కడ ఎంత వంకర తిరిగేదో తెలియాలి. ఫోటోలు లేవు. మామయ్య కాజాలు కుట్టుకునేవాడు గానీ తల ఎత్తి చూసింది తక్కువ. నాకు మాత్రం ఆ దారి కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని అత్తయ్య గొంతులో చెప్పడం మొదలుపెట్టాను. తలుపు వెనకపడింది. నేరుగా. ఎత్తు ఎక్కడొస్తుంది? "కాస్త" అన్న మాటను ఆవిడ సాగదీసే చోట. ఎర్రగుట్టకూ ఇండికేటర్‌కూ నడుమ ఆవిడ ఒక ఊపిరి తీసుకునేది. చెరువు గట్టు మలుపు పూర్తయ్యేది "గుద్దుకుంటారు" అనేసరికి. నేను చదివిన కావ్యాల్లో దేనికీ ఇంతగా యతిస్థానాలు పట్టి చూడలేదు.

మామయ్య దర్జీ పద్ధతిలోనే పని మొదలుపెట్టాడు. ముందు టాకాలు వేశాడు, అంటే దారి పొడుగునా దీపస్తంభాలు పాతుకుంటూ పోయాడు. పని అయ్యాక టాకాలు తీసేసినట్టు వాటిని పీకేయాలి. కొండ దగ్గర ఆగి, సుద్దముక్కతో టీవీ అద్దం మీదే గీత గీశాడు. "నడుం దగ్గర లూజుంది, ఇక్కడిదాకా తీసేద్దాం" అన్నాడు. చెరువుకు గుంట తవ్వితే నీళ్ళు రాలేదు. చివరకు పక్క లోయలో ఉన్న నీటి మట్టం దాకా తవ్వుకుంటూ పోయి అక్కణ్ణుంచి కాలవ లాగి తెచ్చాడు. "లైనింగు" అన్నాడు. ఎర్రగుట్ట ఎక్కడా లేదు, ఎర్రరంగు గోడలు కట్టి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. దగ్గరగా చూస్తే గుట్టలా ఉండదు, కానీ దగ్గరగా చూడటమే కదా అత్తయ్యకు కానిది. మర్నాడూ దుకాణం తలుపు మీద అదే అట్టముక్క ఉంది. ఒక కోటు ఖాతాదారు మేడ మెట్లెక్కి వచ్చి సంగతేమిటని అడిగితే, మామయ్య వెనక్కి తిరగకుండా "పెద్ద ఆల్ట్రేషన్ ఒకటి వచ్చిందండీ" అన్నాడు. అబద్ధం ఆడలేదు.

ఆకాశం మాత్రం ఎంత చేసినా మారలేదు. దాన్ని విప్పడానికి అంచు దొరకలేదు.

ఆ సాయంత్రం టీ అయ్యాక, టీవీ విశ్రాంతి ముగిసిందని మామయ్య ప్రకటించాడు. రంగుల బటన్ కాస్త పాడై ఆకాశం పచ్చగా వస్తోందని ముందే చెప్పుకున్నాడు. అత్తయ్య కుర్చీ జరుపుకుని, రిమోటు అందుకుని, బయల్దేరింది. నేను బీరువా వెనక పుస్తకం తెరిచి పెట్టుకున్నాను, తలకిందులుగా ఉందని తర్వాత చూసుకున్నాను.

బండి గడప దాటింది. లోయలో పడలేదు. ఎత్తు ఎక్కింది. ఎర్రగుట్ట కుడిచేతికొచ్చింది, ఎడమకు తిరిగింది. చెరువు గట్టు మీద నెమ్మదించింది. అంతా అనుకున్నట్టే జరుగుతోంది, ఒక్కటి తప్ప. అత్తయ్య ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు. మామయ్య సూది ఒకే కాజాలో మళ్ళీ మళ్ళీ దిగుతోంది.

వంతెన మొదట్లో బండి ఆగిపోయింది.

"హారన్ కొట్టలేదేం?" అన్నాడు మామయ్య, ఉండబట్టలేక.

"ఎవరికి కొట్టను? అవి రాలేదుగా" అంది అత్తయ్య.

మామయ్య మొహం చూడాలి అప్పుడు. కొండ కోశాడు, చెరువు తెచ్చాడు, ఆ బుడబుడ చప్పుడు సంగతే మరిచిపోయాడు. కొత్త నమూనాలో ఆ పశువులు లేవు.

"ఈ మలుపు బాగా తిప్పారు" అంది అత్తయ్య, టీవీ వంకే చూస్తూ. "గట్టు కాస్త ఇరుకైంది గానీ, కుట్టు కనపడకుండా చేశారు. టీవీ తుడుస్తుంటే సుద్ద ఒకటే రాలుతోంది."

"నీకెలా తెలుసు?"

"వాడు అప్‌డేట్ వేసిన పూటే నన్ను కూర్చోబెట్టి నడిపించాడండీ. గడప దాటగానే లోయలో పడ్డాను." ఆవిడ రిమోటు ఒళ్ళో పెట్టుకుంది. "అది సరే. నాకు సరిగ్గా కనపడట్లేదని మీకెప్పట్నుంచి తెలుసు?"

మామయ్య చేయి గుండుసూదుల డబ్బా వైపు వెళ్ళింది. అత్తయ్య ఆ డబ్బా తీసి అవతల పెట్టింది. ఎక్కడుందో చూడకుండానే.

"చీటీ ముక్కలు తర్వాత దొరికాయి" అన్నాడు మామయ్య. "అంతకుముందే ఒకరోజు తొందరలో చొక్కా తిరగేసి వేసుకుని నీ ముందు కూర్చుని భోజనం చేశాను. నువ్వేం అనలేదు. మన పెళ్ళయ్యాక నువ్వు ఏమీ అనని భోజనం అదొక్కటే."

అత్తయ్య భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని నేను బీరువా పక్కనుంచి తొంగి చూశాను. నవ్వుతోంది, చప్పుడు లేకుండా.

"ఊరందరి చేతా పిచ్చోడనిపించుకున్నది ఇందుకా?"

"నాకు మార్పులు పడవు" అన్నాడు మామయ్య మొండిగా.

"పడవులే." ఆవిడ గొంతు సవరించుకుంది. "లోయలో పడ్డానన్నానా. బయటపడే దారి కోసం అటూ ఇటూ తిప్పుతుంటే, నేనెక్కడున్నానో నాకే తెలీలేదు. ఎన్నాళ్ళయిందో అలా తప్పిపోయి. భలే ఉందనుకోండి. మీరొచ్చి గ్రహమే పోయినట్టు డీలా పడిపోతే, పైగా పొద్దున్నే లేచి కొండలు కోస్తుంటే, బాగానే ఉందయ్యా వదిలెయ్యమని ఎలా చెప్పను? అంత కష్టపడి కుట్టింది వేసుకోకపోతే బాగుంటుందా. అందుకే నడకలో రెండు వీధులు ఎక్కువ తిరిగొచ్చాను, మీకు టైం చాలాలని. పాపం పక్కింటావిడకి నిజంగానే మోకాళ్ళ నొప్పులొచ్చాయి."

అత్తయ్య రిమోటు చేతిలోకి తీసుకుని వంతెన అవతలికి చూపించింది.

"ఆ కొండ దాటితే ఏముంది?"

"తెలీదు."

"నాకూ తెలీదు. చూసి చెబుతూ ఉండండి, పోదాం."

మామయ్య కాజాలు పక్కన పెట్టి కుర్చీ జరుపుకున్నాడు. బండి కొండెక్కింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. ఆకాశం చవకరకం లైనింగు రంగులో ఉందన్నాడు. ముందున్న కొండ ఇస్త్రీ లేని కాలరులా ఉందన్నాడు. దూరంగా ఏవో చెట్లు, గుండీలు ఊడిపోయిన కోటులా, అక్కడక్కడ. అత్తయ్య ఆఁ ఆఁ అంటూ నడుపుతోంది. ఇంతలో ఆయన గొంతు మారింది.

"ఎడమకి. ఎడమకి తిప్పు, ఎడమకి."

ఊరందరికీ ఎడమా కుడీ నేర్పిన మనిషి, మొగుడి మాట విని శ్రద్ధగా ఎడమకు తిప్పింది. బండి తిన్నగా వెళ్ళి ఒక పెద్ద చెరువులో మునిగింది.

తప్పు ఎక్కడ జరిగిందో తేలడానికి కొంత సమయం పట్టింది. మామయ్య బతుకంతా మనుషులను ఎదురుగా నిలబెట్టి కొలిచాడు. ఎదురుగా ఉన్నవాళ్ళ ఎడమచేయి ఆయనకు కుడిపక్కన ఉంటుంది. ఆయన కళ్ళకు అదే ఎడమ. గ్రహాన్ని కూడా ఎదురుగా నిలబడ్డ ఖాతాదారు అనుకుని, దాని ఎడమ చెప్పాడు. టీవీలో బుడగలు లేస్తున్నాయి. అత్తయ్య నవ్వు ఆపుకోలేక కుర్చీ చేతులు పట్టుకుంది. "బయటికెటు?" అని ఆవిడ అడిగితే మామయ్యకు ఈసారి ఏ పక్క పేరు చెప్పడానికీ ధైర్యం చాలక నా వైపు చూశాడు. నేను బీరువా వెనకనుంచి లేచి వచ్చి, కుడికి అత్తయ్యా, గట్టు అటుంది, అన్నాను. అడిగింది అత్తయ్య అని గమనించే తీరిక కూడా లేకపోయింది మాకు.

ఇప్పుడు నా చదువు పూర్తికావచ్చింది. త్వరలో నేను క్లాసులో నిలబడి పాఠం చెప్పాల్సిన మనిషిని. ఎదుటివాళ్ళు చూడలేనిదాన్ని చూసినట్టు చెప్పడం అంటే ఏమిటో నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. సాయంత్రాలు ఆ టీవీ ముందు, మామయ్యకూ అత్తయ్యకూ నడుమ కూర్చుని నేర్చుకున్నాను. అత్తయ్య ఇప్పుడు కళ్ళ డాక్టరు దగ్గరకు మామయ్యతోనే వెళుతోంది. ఇద్దరూ రోజుకో కొత్త గ్రహం మీద తప్పిపోతున్నారు. కిటికీలు తెరిచే ఉంటాయి కాబట్టి ఆ నవ్వులూ కేకలూ వీధిలోకి వినిపిస్తాయి.

మొన్న మందుల షాపాయన అత్తయ్యను ఆపి, టీచరమ్మా, మళ్ళీ డ్రైవింగ్ క్లాసులు మొదలుపెట్టారట కదా అని అడిగాడు. అవునంది ఆవిడ. ఒక్కడే విద్యార్థి, మా ఆయనే అంది. ఎంతవరకు వచ్చిందండీ అని ఆయన అడిగాడు.

"ఇంకా ఎడమ దగ్గరే ఉన్నాం" అంది అత్తయ్య.